అతిథుల కోసం అట్టేపెట్టిన చెత్త

ఊరు ఇంకా పళ్ళు తోముకుంటున్న వేళకే కాలవక్క తూము దగ్గర పనిలో ఉంటుంది. గట్టు మీది వీధుల్లో పారే నీరంతా ఒక కాలవలోకి దిగి, పల్లపు సందును ఆనుకుని వచ్చి, రోడ్డు కింద తూములో దూరుతుంది. తూము నోటికి అడ్డంగా ఇనుప చువ్వలు. కొట్టుకొచ్చిన సంచులు, సీసాలు, తెగిన చెప్పులు ఆ చువ్వలకు తగులుకుంటాయి. కొక్కెం బిగించిన పొడుగాటి గెడతో వాటిని లాగి ఒడ్డున పోయడం ఆమె పని. అసలు పేరు జీతమిచ్చే గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. కాలవ దగ్గరుండే అక్క కాబట్టి కాలవక్క. ఆమె పని ముగించి వెళ్ళాక వచ్చినవాళ్ళకు అక్కడ ఒక పని జరిగినట్టే తోచదు. నీళ్ళు పోతుంటాయి, అంతే.

ఆ ఉదయం ఆమె గెడ ఎత్తిందో లేదో, వెనక నుంచి ఆమె పని చూసే మేస్త్రీ కేకేశాడు.

"ఆగాగు! ముట్టుకోకు!"

"ఏం, పాముందా?"

"పాము కాదు, మన పంట పండింది. ఈ వారమంతా దీని జోలికి రాకు. గట్టు మీది బడికి పై దేశాల పిల్లలొచ్చారు కదా, వాళ్ళు ఈ కాలవ శుభ్రం చేస్తారట. నువ్వు ముందే ఊడ్చి పెడితే వాళ్ళేం చేస్తారు, నీ మొహం చూస్తారా?"

"చువ్వలు మూసుకుపోతాయి కదయ్యా."

"మూసుకుపోవాలి! అదే కావలసింది. కూర్చోబెట్టి జీతమిస్తుంటే ఇంకా బేరమా?"

కాలవక్క గెడ భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది. పని లేని ఉదయం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

గట్టు మీది బడి సంగతి ఇక్కడ కొంత చెప్పాలి. అది ఒంటరి బడి కాదు. పలు దేశాల బడులు చేయీ చేయీ కలిపి కట్టుకున్న ఒక కూటమిలో అదీ ఒకటి. ఈ బడి పిల్లలు ఆ దేశాలు వెళ్ళి కొన్నాళ్ళు చదువుకుంటారు, ఆ పిల్లలు ఇక్కడికి వస్తారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇక్కడ ఒక జోడీ ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా ఆ ఊరికి ఉపయోగపడే పని ఒకటి చేసి రావాలన్నది కూటమి నియమం. మంచి నియమం. పరాయి ఇంటి నీళ్ళు తాగినవాడికి పరాయివాడంటే భయం పోతుంది. ఒకరి బరువు ఒక్కసారి మోసినవాడికి ఆ బరువు ఎంతో తెలుస్తుంది. ఇంతటి మంచి పనిలో చెడు ఎక్కడ దూరిందని పాఠకులు అడగవచ్చు. మంచి బియ్యంలో రాయి ఎక్కడ దూరుతుందో అక్కడే దూరింది. ఎవరూ చెరిగి చూసుకోలేదు.

కాలవక్క కూతురు ఆ బడిలోనే ఫీజు లేని సీటులో చదువుతోంది. ఈసారి పై దేశం వెళ్ళే పిల్లల్లో ఆమె కూడా ఉంది. వచ్చిన పిల్లల్లో ఒక పొడుగమ్మాయి ఆమెకు జోడీ. గుమ్మం దాటినప్పుడల్లా తల తగులుతుందేమోనని వంగే అలవాటు ఆ పిల్లది. వచ్చిన మర్నాడే "అమ్మా, బాగున్నావా" అనడం నేర్చుకుని కాలవక్కను చూసినప్పుడల్లా అదే అడిగేది. బాగున్నానంటే మళ్ళీ అడిగేది, ఇంకో మాట రాదు గనుక.

ఆ సాయంత్రం కాలవక్క కూతురిని అడిగింది. "మీ బడి పెద్ద మేడమే చెప్పారటే, కాలవ ఊడ్చొద్దని?"

కూతురు పుస్తకంలోంచి తలెత్తలేదు. "మేడమ్ చెత్త ఉన్న చోటు చూపించమన్నారంతే. మేస్త్రీగారు మిగతాది చూసుకుంటానన్నారు. కూటమి తరఫున ఒక పెద్దాయన వస్తున్నాడమ్మా. ఆయన మెచ్చితేనే మా బడిని కూటమిలో ఉంచుతారు. లేకపోతే ఈ ఏడు ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు."

"అంటే నువ్వు కూడా?"

"నేను కూడా."

కాలవక్క గోడకు ఆనించిన గెడ వైపు చూసింది. తను ఈ తూము దాటి ఎరగదు. కూతురు సముద్రాలు దాటబోతోంది. దానికి తన కొక్కెం గెడ అడ్డమా?

రోజులు గడిచాయి. కాలవక్క పొద్దున్నే లేవడం మానలేదు. వట్టి చేతులతో తూము దాకా వెళ్ళి, చువ్వలకు పేరుకున్న చెత్తను చూసి తిరిగి వచ్చేది. నీళ్ళు ముక్కుతూ మూలుగుతూ పోతున్నాయి. ఒకరోజు మేస్త్రీ ఎక్కడి నుంచో ఒక బండెడు చెత్త తెప్పించి కాలవ ఒడ్డున పోయించాడు. చిరిగిన టార్పాలిన్లు, పాత పరుపులు, కొబ్బరి బోండాలు.

"ఇదెందుకయ్యా?" అంది ఆమె, నోరు తెరిచి.

"ఫోటోలో నిండుగా కనపడొద్దూ? ఉన్నది చాలా పలచగా ఉంది."

సందు చివర, అన్నిటికన్నా పల్లంలో, కుట్టుమిషన్ తాత గది. చిన్నప్పుడే కాళ్ళు చచ్చుబడ్డాయి. పొట్టి బల్ల మీద కూర్చుని, చేత్తో తిప్పే మిషన్ మీద సందు మొత్తానికీ బట్టలు కుడతాడు. సేవ చేసే పిల్లలు తొడుక్కోవడానికి చేతుల్లేని పచ్చకోట్లు కుట్టే పని బడివాళ్ళు ఆయనకే ఇచ్చారు. గదిలో ఎటు చూసినా పచ్చదనమే.

"రావే కాలవక్కా," అన్నాడు ఆయన పళ్ళ మధ్య దారం కొరుకుతూ. "నీకూ ఒక కోటు కుట్టమంటావా? ఇన్నేళ్ళు కోటు లేకుండానే ఊడ్చావు, అందుకే ఎవరికీ కనపడలేదు."

"నవ్వకు తాతా. మబ్బు చూశావా?"

"నా కిటికీలోంచి జనం కాళ్ళు కనపడతాయి గానీ మబ్బులేం కనపడతాయే?"

మబ్బు నిజంగానే దిగుతోంది. కార్యక్రమానికి ముందురోజు మధ్యాహ్నానికి ఆకాశం మసిబారిన మూకుడు బోర్లించినట్టుంది. కాలవ ఒడ్డున మేస్త్రీ షామియానా వేయిస్తున్నాడు. కాలవక్క ఇంటికి వచ్చి గోడకు ఆనించిన గెడ అందుకుంది. అప్పుడే బడి నుంచి వచ్చిన కూతురు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికమ్మా?"

"ఆ చువ్వల దగ్గర కొంచెం దారి చేసి వస్తానే. పైపైన. ఎవరికీ తెలీదు."

"నువ్వు మొదలుపెట్టాక పైపైన ఆగుతావా? అద్దంలా చేసి గానీ రావు." కూతురు గెడను రెండు చేతులా పట్టుకుంది. "ఒక్క రాత్రి ఆగమ్మా. రేపు పొద్దున అందరం కలిసి తీసేస్తాం కదా. ఒక్క రాత్రికి ఏం మునిగిపోతుంది?"

కాలవక్క కూతురి ముఖం చూసింది. ఆ ముఖంలో పై దేశం ఉంది. విమానం ఉంది. తనలాంటి బతుకు కాని బతుకొకటి ఉంది. గెడ వదిలేసింది. ఆ రాత్రి గెడ గోడకే ఉంది.

తెల్లారుతూనే వాన మొదలైంది. చినుకులుగా కాదు, ఎవరో పైన తలుపు తీసినట్టు. కూతురు గొడుగు తీసుకుని బడికి వెళ్ళిపోయింది. కాలవక్క గెడ పట్టుకుని తూము దగ్గరికి పరుగెత్తింది. అక్కడ షామియానా కింద మేస్త్రీ అరుస్తున్నాడు.

"ముట్టుకోకు! ఇంకో గంటలో తగ్గుతుంది, పిల్లలొస్తారు!"

ఆమె అడుగు ఆగింది. ఆగిందంటే, అదిగో ఆ క్షణం ఆమె జీవితాంతం మరిచిపోలేదు. మేస్త్రీ మాటకు ఆగలేదు ఆమె. కూతురి విమానం కోసం ఆగింది. అంతలో ఒడ్డున పోసిన బండెడు చెత్త నీటి ఉరవడికి లేచింది. టార్పాలిన్ ఒకటి పడగ విప్పినట్టు విచ్చుకుని, కొట్టుకొచ్చి, చువ్వలకు అడ్డంగా అతుక్కుపోయింది. దాని వెనకే పరుపులు. తూములో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ నిశ్శబ్దం విననే లేదు. నీళ్ళు ఒక్క క్షణం తచ్చాడి, వెనక్కి తిరిగి, పల్లపు సందులోకి దారి తీశాయి.

కాలవక్క రోడ్డు అంచు గోడ మీద బోర్లా పడుకుని గెడ దింపింది. కొక్కెం టార్పాలిన్ అంచుకు తగులుకుంది. లాగితే కదలదు. వెనక నుంచి కాలవంతా దాన్ని చువ్వలకేసి అదుముతోంది.

అప్పుడు వినిపించింది సందులోంచి కూతురి కేక.

"అమ్మా! తాత! తాత లోపలే ఉన్నాడమ్మా!"

కూతురూ పొడుగమ్మాయీ పచ్చకోట్ల కోసం తాత దగ్గరికి వచ్చారని ఆమెకు అప్పుడు గానీ తెలియలేదు. గెడ వదిలితే కొక్కెం జారిపోతుంది, మళ్ళీ తగలదు. వదలకపోతే అక్కడ మనిషి, కాళ్ళు కదలని మనిషి. ఆమె వెనక్కి తిరిగింది. మేస్త్రీ నోరు తెరుచుకుని సందు వైపు చూస్తున్నాడు. ఎప్పుడూ 'అయ్యా' అని తప్ప పిలవని మనిషిని పట్టుకుని అరిచింది.

"చూస్తావేం? ఇటు రా! పట్టుకో ఇది! వదిలావో, నిన్నే కాలవలో తోస్తా!"

మేస్త్రీ వచ్చి గెడ పట్టుకున్నాడు.

సందులో నీళ్ళు తొడల దాకా వచ్చాయి. తాత గది ముందు పిల్లలిద్దరూ తలుపును భుజాలతో తోస్తున్నారు. లోపల మంచం తేలి తలుపుకు అడ్డం పడింది. కాలవక్క కూడా భుజం వేసింది. ముగ్గురూ ఒక్క ఊపున తోస్తే తలుపు జానెడు తెరుచుకుంది. పొడుగమ్మాయి ముందు దూరింది.

తాత బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. ఒళ్ళంతా వణుకుతోంది. రెండు చేతులూ పైకెత్తి, నెత్తి మీద పచ్చకోట్ల మూట పట్టుకుని ఉన్నాడు.

"తడవలేదు," అన్నాడు పళ్ళు టకటకమంటుంటే. "ఒక్కటీ తడవలేదమ్మా. మూట ముందు తీసుకోండి."

కూతురు ఆ మూట లాక్కుంది. లాక్కుని నీళ్ళలోకి విసిరికొట్టింది.

"కోట్లెందుకు తాతా! ఎవడిక్కావాలి కోట్లు!" అంటూ భోరున ఏడ్చింది.

పొడుగమ్మాయి వంగింది. తాతను వీపున ఎక్కించుకుని, కాలవక్క వెనక పట్టు ఇస్తుంటే, గుమ్మంలో అలవాటు ప్రకారం తల వంచి బయటికి నడిచింది. రోడ్డు మీద షామియానా కింద ఆయన్ను దించి, కూతురితో తన భాషలో ఏదో ఒక్క మాట అని బడి వైపు పరుగు తీసింది. సందులో జనం పిల్లల్ని గోడల మీదికి ఎక్కిస్తున్నారు. ఎవరి పొయ్యి తేలుతోందో, ఎవరి పెట్టె మునుగుతోందో చూసేవారు లేరు.

మేస్త్రీ గెడ వదల్లేదు. అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతున్నా వదల్లేదు.

"తాడు కావాలి," అంది కాలవక్క.

"షామియానా తాడు విప్పు," అన్నాడు మేస్త్రీ. "పోతే పోయింది వెధవ షామియానా!"

గెడకు కొక్కెం బిగించిన ఇనుప కడియానికి తాడు కట్టేసరికి గట్టు మీద నుంచి పిల్లలు దిగివచ్చారు. ఇక్కడి పిల్లలూ అక్కడి పిల్లలూ, వాళ్ళ వెనక పెద్ద మేడమ్, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని. కోటు ఎవరికీ లేదు. ఎవరు ఏ దేశమో బురదలో తెలియలేదు. అందరూ తాడు అందుకున్నారు. కాలవక్క గోడ మీద నిలబడి, నీటి పోటు చూసి, చెయ్యి పైకెత్తింది.

"ఇప్పుడు కాదు... ఇప్పుడు కాదు... లాగండి!"

మొదటి లాగుడుకు తాడు చేతుల్లో జారింది. రెండోసారి టార్పాలిన్ పై అంచు కాస్త లేచింది. ఆ ఖాళీలోంచి నీళ్ళు బుసకొట్టాయి. మూడోసారి ఊడిపోయింది. అందరూ ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు. తూము మళ్ళీ నోరు తెరిచింది. ఆ హోరు కాలవక్కకు పసిబిడ్డ ఏడుపులా వినిపించింది. ఏడుపు వినిపించిందంటే బిడ్డ బతికినట్టే.

మనుషులెవరూ పోలేదు. కానీ సందులో పొడిగా మిగిలింది ఏదీ లేదు. తాత మిషన్ బురదలో కూరుకుపోయింది, చక్రం విరిగింది. నీళ్ళలో కూర్చున్న మనిషికి ఊపిరితిత్తులకు నెమ్ము పట్టి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. "ఏ దేశపు పిల్లో, నన్ను వీపున మోసింది. నా పెళ్ళికి కూడా ఎవరూ మొయ్యలేదే," అని దగ్గుతూనే నర్సులకు చెబుతున్నాడు. ఆ దగ్గు విన్నప్పుడల్లా కాలవక్క తల దించుకుంటోంది.

మూడోనాడు బడి హాల్లో సభ. కూటమి పెద్దాయన వచ్చాడు. నెరిసిన గడ్డం, మెత్తటి గొంతు. వరదలో పిల్లలు తాడు లాగుతున్న ఫోటో ఎవరో తీశారు. అది వెనక గోడ నిండా వెలుగుతోంది.

"ఎన్నో దేశాల్లో ఎన్నో సేవా కార్యక్రమాలు చూశాను," అన్నాడాయన. "ఇలాంటిది చూడలేదు. ఈ బడిని మా కూటమి అంతటికీ ఆదర్శంగా చూపిస్తాను."

చప్పట్లు మోగాయి. మేస్త్రీ కట్టు కట్టిన చేతులతోనే కొట్టాడు. ఆఖరి వరసలో కూర్చున్న కాలవక్కకు విషయం తెలిసిపోయింది. సీటు ఖాయమైంది. విమానం ఖాయమైంది. ఇంక ఎవరూ ఏమీ అనక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు.

మాట్లాడమని కూతురిని పిలిచారు. ఆ పిల్ల మైకు ముందు నిలబడి, తలలన్నీ దాటి తల్లిని చూసింది. ఆ చూపులో ప్రశ్న ఏమిటో తల్లికి అర్థమైంది. కాలవక్క గుండె రెండు వైపులా లాగిన తాడైంది. కళ్ళు మూసుకుంటే నెత్తిన పచ్చమూటతో తాత కనపడ్డాడు. కళ్ళు తెరిచి తల ఊపింది. చెప్పు.

"ఆ నీళ్ళు వాన వల్ల రాలేదు," అంది కూతురు. "అంతకన్నా పెద్ద వానలు వచ్చాయి, మా సందు ఎప్పుడూ మునగలేదు. మా అమ్మ రోజూ ఆ తూము శుభ్రం చేస్తుంది కాబట్టి మునగలేదు. మాకు శుభ్రం చేయడానికి చెత్త కావాలని ఆ పని ఆపించాం. చాలలేదని బండితో తెప్పించాం. ముందురోజు అమ్మ వెళ్ళబోతే గెడ పట్టుకుని ఆపింది నేనే. మేం తాతను కాపాడలేదండీ. ముంచి, పైకి తీశాం."

పొడుగమ్మాయి పక్కవాడిని అడిగి ఆ మాటలు తన భాషలో చెప్పించుకుంది. విని, ముఖం చేతుల్లో దాచుకుంది. మేస్త్రీ లేచి తలుపు దాకా వెళ్ళి, వెళ్ళలేక అక్కడే నిలబడ్డాడు.

పెద్ద మేడమ్ లేచి వచ్చింది. వచ్చి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. మైకు అందుకుంది.

"తప్పు ఈ పిల్లది కాదు, మేస్త్రీదీ కాదు. నాది," అంది. "చెత్త ఉన్న చోటు చూపించమన్నాను. ఆ చోటును రోజూ చూసుకునే మనిషి ఎవరని అడగలేదు. మన బడి పేరు నిలబడాలనుకున్నాను, ఆ పేరు ఎవరి గుమ్మం మీద నిలబడుతోందో చూడలేదు. కష్టంలో ఉన్నవాడికి చెయ్యి అందించడం సేవ. మన చెయ్యి అందించడం కోసం వాడి కష్టాన్ని అట్టేపెట్టి ఉంచడం సేవ కాదు, దొంగతనం."

ఈసారి చప్పట్లు లేవు. కూటమి పెద్దాయన లేచి నిలబడి, వెనక గోడ మీది ఫోటో ఆర్పించాడు. సభ అలాగే ముగిసింది.

ఆయన కోపగించుకోలేదు. అయితే కూటమి నియమాలు కూటమివి. ఆ ఏడు ఈ బడి నుంచి ఎవరూ పై దేశం వెళ్ళకూడదని కబురు వచ్చింది. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు. కూతురు ఆ కబురు విని గోడ వైపు తిరిగి పడుకుంది. కాలవక్క పక్కన కూర్చుని వీపు నిమిరింది. మంచి పనికి వెంటనే మంచే జరుగుతుందని చెప్పడానికి ఆమె అబద్ధాలకోరు కాదు.

వచ్చిన పిల్లలకు ఇంకా కొన్నాళ్ళు గడువుంది. సందులో బురద తోడారు. తాత మిషన్‌కు కొత్త చక్రం వెతికించారు. ఆపైన పెద్ద మేడమ్ మాటగా ఒక ఏర్పాటు జరిగింది. రోజూ తెల్లవారగానే ఒక జోడీ వెళ్ళి కాలవక్క పక్కన నిలబడాలి. ఆమె ఏం చేయమంటే అది చేయాలి.

మొదటిరోజు కూతురూ పొడుగమ్మాయీ వెళ్ళారు. ఆ వేళకు కాలవక్క సగం పని చేసేసింది. ముగ్గురూ కలిసి మిగిలిన నాలుగు సంచులనూ ఒక సీసానూ లాగేశారు. అంతే, అయిపోయింది. పొడుగమ్మాయి చువ్వల కేసి చూసింది, నీళ్ళ కేసి చూసింది. కొత్తగా నేర్చిన మాటలు కూడబలుక్కుని, చిన్నబోయిన ముఖంతో అడిగింది.

"అమ్మా, చెత్త లేదు. పని ఎక్కడ?"

కాలవక్క గెడ భుజాన వేసుకుంది. తూములోకి పోతున్న నీళ్ళ చప్పుడు కాసేపు విని అంది.

"లేకుండా చూడటమే పని, తల్లీ."